చప్పుడుకూ ఒక వేళ

(మంథనిలో చేసిన స్మారక ఉపన్యాస పాఠం)



నిశ్శబ్దం గురించి మాట్లాడమని పిలిచారు. నేను వచ్చేసరికి హాలు ముందు ఆటోలోంచి నాలుగు సౌండ్ బాక్సులు దించుతున్నారు. హాలు చిన్నదే కదా, మైకు లేకుండా మాట్లాడతానన్నాను. "వెనక కుర్చీలల్ల పెద్దమనుషులు కూసుంటరు సార్, వాళ్లకు వినరాదు" అన్నాడు మైకు సెట్టు తమ్ముడు. న్యాయమైన మాట. చెవులు మందగించిన వారికి వినపడాలంటే గొంతు పెంచాలి. పెంచితే ఈ గోడకు ఆనుకుని ఉన్న ఇంట్లో పరీక్షలకు చదువుకునే పిల్లకు ఇబ్బంది. చివరికి రెండు బాక్సులు ఉంచి, వాటి మొహం లోపలికి తిప్పించాం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది దాదాపుగా ఈ తగువు గురించే.

ఈ ఉపన్యాసం ఎవరి పేర ఏర్పాటైందో ఆహ్వాన పత్రికలో అచ్చయింది. తన పేరు మైకులో వినపడితే ఆయన తల దించుకునే మనిషి. అందుకని బడిలో పిలిచినట్టే సారు అంటాను. మాకు తెలుగు చెప్పేవారు. ప్రశ్న అడిగాక చాక్‌పీసు బల్ల మీద పెట్టి, వేళ్లకంటిన పొడి దులుపుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడేవారు. ముందు బెంచీల వాళ్లం చేతులెత్తి "సార్, సార్" అని ఎగబడేవాళ్లం. ఆయన తిరిగేవారు కాదు. మా అరుపులు సద్దుమణగాలి, ఆ తర్వాత ఇంకాసేపు గడవాలి. అప్పుడు చివరి బెంచీలోంచి ఎవరో ఒకరు గొంతు సవరించుకునేవారు. ఆ గొంతు వినగానే ఇటు తిరిగేవారు. జవాబు నాలుక చివరన పెట్టుకుని కూర్చున్న మాకు ఆ ఎదురుచూపు మహా చిరాకు. నిశ్శబ్దానికి ఒక పని ఉంటుందనీ, తనంతట తాను చోటు చేసుకోలేని వాడికి చోటివ్వడమే ఆ పననీ తెలిసేసరికి మేం బడి దాటి చాలా దూరం వచ్చేశాం.

ఈ మధ్య ప్రశాంతత ప్యాకేజీల్లో కూడా దొరుకుతోంది. కొండ మీద రిసార్టు, బయటి రొద వినపడనీయని హెడ్‌ఫోన్లు, ఊపిరి ఎప్పుడు పీల్చాలో ఎప్పుడు వదలాలో చెప్పే ఫోను యాప్. వీటిని ఎగతాళి చేయను. రాత్రంతా కన్ను మూతపడని మనిషి ఏ చెట్టు నీడకైనా పోతాడు. కాకపోతే, నిశ్శబ్దాన్ని ఎవరికి వారు కొనుక్కోవడం మొదలైందంటే ఊళ్లో అది అడుగంటిందనే లెక్క. మన చెరువుల కింద నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు లేపాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి, కొసకున్న మడి దాకా నీళ్లు ఎట్లా చేరాలి, ఇవన్నీ అతని బాధ్యత. చెరువు ఏ ఒక్కరి సొంతమూ కాదు గనుకే వంతు పుట్టింది. నిశ్శబ్దమూ ఊరి చెరువు లాంటిదే. ఎవరికి తోచినట్టు వాళ్లు గండి కొట్టుకుంటే ఆయకట్టులో ఎవరికీ చుక్క మిగలదు. మనసు లోపలి శాంతి మాట తర్వాత, ముందు ఈ వంతు సంగతి తేల్చుకోవాలన్నదే నా వాదం.

మంత్రకూటమనీ మంత్రపురి అనీ పేరు పడ్డ ఊరు మంథని. తెల్లవారకముందే గోదావరికి పోయి స్నానం చేసి, గౌతమేశ్వరుణ్ణి దర్శించుకుని వచ్చే పెద్దలు, అరుగుల మీద వేదం వల్లెవేసే పిల్లలు. బయటివాళ్ల ఊహల్లో మంథని ఇదే. అందుకే ప్రశాంతమైన ఊరంటారు. వేదం చదివే ఇంటి పక్కన కాపురమున్న వాళ్లను అడగండి, నవ్వుతారు. పది గొంతులు ఒక్కసారి లేస్తే వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఘనపాఠంలో మూడు మాటలు చేతికిస్తే వాటిని ముందుకూ వెనక్కూ తిప్పి పదమూడు మాటలుగా పలుకుతారు. అది గొంతు చేసే కాయకష్టం.

అయినా ఆ చదువులో ఆగడానికి కొలత ఉంది. తెలుగునాట ఎక్కువగా చదివేది కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ శాఖ. దాని ఉచ్చారణ నియమాలను చెప్పే తైత్తిరీయ ప్రాతిశాఖ్యం విరామాలను కూడా మాత్రల్లో లెక్కగట్టింది. ఋక్కు ముగిస్తే మూడు మాత్రలు ఆగాలి. పదం ముగిస్తే రెండు. ఒక పదం చివరా, తర్వాతి పదం మొదటా అచ్చులే ఉంటే వాటి నడుమ ఒక మాత్ర. ఒకే పదం లోపల అచ్చు పక్కన అచ్చు పడితే అర మాత్ర. 'అ' అని పలికేంత సేపు ఒక మాత్ర, అందులో సగమంటే రెప్పపాటు కూడా ఉండదేమో. అంత చిన్న విరామం తప్పినా గురువు ఆపుతాడు, మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తాడు. పలకడానికి నియమాలు రాసినవాళ్లు చాలా భాషల్లో ఉంటారు. పలకకుండా ఉండడానికి అర మాత్ర దాకా లెక్క రాసిపెట్టిన వాళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

తిథుల లెక్క కూడా ఉంది. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య అనధ్యయన దినాలు. ఆ రోజుల్లో కొత్త పాఠం ఉండదు, గొంతుకు సెలవు. యజ్ఞంలో నలుగురు ముఖ్య ఋత్విజులుంటే, వారిలో బ్రహ్మ అనే ఆయన పని చాలావరకు మౌనంగా కూర్చోవడం. హోత, అధ్వర్యుడు, ఉద్గాత చేసేదంతా గమనిస్తాడు, తప్పు దొర్లితేనే నోరు విప్పుతాడు. మిగతా ముగ్గురి పనీ తెలిసినవాణ్ణే ఆ స్థానంలో కూర్చోబెట్టాలని నియమం. మన సభలకు అలాంటి నియమం లేదు కాబట్టే నాకీ మైకు దొరికింది.

ఇంతవరకు చెప్పి ఆపితే సగమే చెప్పినట్టు. ఆ చదువు ఎవరి చెవిన పడాలో, ఎవరి చెవిన పడకూడదో కులం గీత గీసింది. అరుగుల ముందు నుంచి, గడీల ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని, తల వంచుకుని నడిచిపోయిన వాళ్లున్నారు. వాళ్ల మౌనానికి ఏ శాస్త్రమూ మాత్రలు కట్టలేదు. దొర ముందు "బాంచన్" అన్న ఒక్క మాట తప్ప మరో మాట లేకుండా బతుకులు వెళ్లదీసిన పల్లెలు ఈ జిల్లాలో ఉండేవి. 1978 సెప్టెంబరు 9న జగిత్యాలలో వేల మంది రైతుకూలీలు జైత్రయాత్రగా కదిలినప్పుడు లేచిన నినాదాలను ఎవరైనా రణగొణ అంటే నేను ఒప్పుకోను. తరాలుగా తమ వంతు రానివాళ్లు ఆ రోజు మాట్లాడారు. మరుసటి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు.

ఆ తర్వాతి ఏళ్ల రాత్రులు ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పొద్దుగూకితే తలుపులు పడేవి. కుక్క మొరిగితే ఇంట్లో దీపం తగ్గించేవారు. వచ్చింది అన్నలా, పోలీసులా అన్నది అడుగుల చప్పుడును బట్టి పోల్చుకోవలసిన కాలం. ఎవరు వచ్చినా అన్నం పెట్టాలి, మర్నాడు రెండో వాళ్లకు జవాబు చెప్పాలి. మంథని నుంచి మూడుసార్లు గెలిచి ఉమ్మడి రాష్ట్ర శాసనసభకు సభాపతిగా చేసిన దుద్దిళ్ల శ్రీపాదరావు 1999 ఏప్రిల్‌లో నక్సలైట్ల తూటాలకు బలైన తర్వాత ఈ వీధులు ఎంత మూగబోయాయో నేను మీకు చెప్పనక్కర లేదు. డెసిబెల్ మీటరు పెట్టి కొలిస్తే ఆ రాత్రులు ఎంతో ప్రశాంతంగా ఉన్నట్టే తేలేవి. పాతకాలం నిశ్శబ్దంగా ఉండేదని ఎవరైనా నిట్టూరిస్తే, అది ఏ నిశ్శబ్దం అని అడగాలనిపిస్తుంది నాకు.

మంథనిలో నిలబడి మౌనం మాటెత్తి పీవీ నరసింహారావును తలవకపోతే మీరు ఊరుకోరు. 1957 నుంచి 1977 దాకా ఈ నియోజకవర్గం ఆయనను వరుసగా శాసనసభకు పంపింది. ఇన్ని భాషలు తెలిసీ ఇంత తక్కువ మాట్లాడే మనిషి రాజకీయాల్లో మరొకరు లేరని దేశం చెప్పుకుంది. 1991లో ప్రధానిగా మెజారిటీ లేని ప్రభుత్వాన్ని నెత్తికెత్తుకుని ఐదేళ్లు నడపడంలో ఆ మితభాషిత్వం పాత్ర ఉంది. ఎదుటివాళ్లను పూర్తిగా మాట్లాడనిచ్చి, వాళ్ల మనసులో ఏముందో తెలుసుకునేదాకా ఆగడం ఆయన బలం. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలుతున్నప్పటి ఢిల్లీ మౌనం మాత్రం వేరు. దాన్ని దేశం ఇంకా ప్రశ్నిస్తూనే ఉంది, ప్రశ్నించాలి కూడా. మనవాడు కదా అని ఆ రెంటినీ కలిపి ఒకటే గొప్పతనంగా చెప్పుకోవడం నాకు రాదు.

ఇక గోదావరిఖని బొగ్గు గనుల వైపు వెళదాం. భూగర్భ గనిలో పని మొదలయ్యే ముందు పైకప్పు గట్టిగా ఉందో లేదో మైనింగ్ సర్దార్ చూడాలి. టోపీకున్న దీపం వెలుగులో కంటికి ఆనేది కొంతే. అందుకని కర్రతో కప్పును తడతాడు. గట్టి బండ అయితే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడొస్తుంది. ఆ తేడా చెవికి అందాలంటే చుట్టుపక్కల మాట ఆగాలి, యంత్రం ఆగాలి. కప్పు కూలే ముందు దుంగ కిర్రుమనడం, పైనుంచి పెళ్ల రాలడం ముందుగా పసిగట్టేదీ చెవే. అక్కడ పక్కవాడు అనవసరంగా గొంతెత్తితే ప్రాణానికి ముప్పు. వినడం మీద ఇంత నమ్మకం పెట్టుకుని బతికే పని మన జిల్లాలో మరొకటి ఉందనుకోను. ధ్యాన శిబిరాల్లో శిక్షణ ఇచ్చే ఏకాగ్రతను ఆ సర్దార్లు షిఫ్టుకు ఇన్నిసార్లని జీతానికి చేస్తున్నారు.

అదే సర్దారు రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇంటికొచ్చి పడుకుంటాడు. మధ్యాహ్నం వీధిలోకి బరాత్ వస్తుంది. డీజే బండి ఇంటి ముందు ఆగితే అల్మారాలో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకుని మోగుతాయి, కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తుంది. ఆ రాత్రి మళ్లీ గనిలోకి దిగి, నిద్ర చాలని చెవితో కప్పు చప్పుడు వినాలి. దీనికి తోడు ఓపెన్‌కాస్టులు వచ్చాక చుట్టుపక్కల ఊళ్లకు బ్లాస్టింగు, డంపర్ల రొద మొదలయ్యాయి. గోడలు నెర్రెలిచ్చాయని జనం మొరపెట్టుకోవడం కొత్త సంగతేమీ కాదు.

చట్టం లేక కాదు. 2000 సంవత్సరంలో కేంద్రం శబ్ద కాలుష్య నియమాలు తెచ్చింది. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించరాదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలాలుగా ప్రకటిస్తే అక్కడ పగలు 50, రాత్రి 40. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగరాదు. పండుగలకు మాత్రం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఈ నియమాలను గట్టిగా సమర్థించింది. డెసిబెల్ లెక్కలో ఒక మెలిక ఉంది. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. 55 ఉండాల్సిన చోట 85 ఉందంటే వెయ్యి రెట్లు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసు కమిషనర్ మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారంటే, ఆ వెయ్యి రెట్లు రాజధానికి కూడా మోయలేని బరువైనందుకే.

ఈ చట్టం రాసినవాళ్లకు బొగ్గుబావి తెలియదని మాత్రం చెప్పక తప్పదు. రాత్రి అంటే 10 నుంచి 6 అన్నారు. నైట్ షిఫ్టు వాడి రాత్రి పొద్దున ఏడింటి తర్వాత మొదలవుతుంది. ఢిల్లీ గడియారం ఈ వాడల నిద్రను లెక్కలోకి తీసుకోలేదు. ఆ లెక్క ఊరే చూసుకోవాలి. నీరటి పని అదే కదా, పైనుంచి వచ్చిన ఉత్తర్వును కాలువ వాలును బట్టి సర్దడం.

లోపలి శాంతి మాట తర్వాత చెబుతానన్నాను. దానికి మన గోదావరి ఒడ్డునే ఒక కథ ఉంది. పాళీ సుత్తనిపాతంలోని పారాయణ వర్గం ప్రకారం కోసలం నుంచి దక్షిణాపథానికి వచ్చిన బావరి అనే బ్రాహ్మణుడు అస్సక దేశంలో గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకుని ఉండేవాడు. ఆ అస్సకమే అశ్మకం. బోధన్ దాని రాజధాని అని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. బావరి ఉన్న చోటు నిర్మల్ జిల్లాలో గోదావరి పాయల నడుమనున్న బాదనకుర్తి అని కొందరి అభిప్రాయం. బుద్ధుడి సంగతి విని బావరి తన పదహారు మంది శిష్యులను ఆయన దగ్గరికి పంపాడు. ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని దాటుకుంటూ ఎన్నాళ్లు నడిచారో. చివరికి మగధలో బుద్ధుణ్ణి కలిశాక అందరూ ఒక్కసారి మీద పడి అడగలేదు. అజితుడు మొదట అడిగాడు, లోకాన్ని కమ్మేసింది ఏమిటని. తర్వాత ఒకరి వెనక ఒకరు. పదహారు ప్రశ్నలు, పదహారు జవాబులు. ఒకరు అడుగుతుంటే తక్కిన పదిహేను మంది వింటున్నారు.

వాళ్లలో చివరివాడు పింగియుడు, ముదుసలి. చూపు మందగించింది, వినికిడి తగ్గింది. ఆయన మళ్లీ గోదావరికి తిరిగి వచ్చి బావరికి అంతా చెప్పాడు. అంతటి మహానుభావుణ్ణి వదిలి ఎట్లా ఉండగలుగుతున్నావని బావరి అడిగితే, నేను ఆయనకు క్షణం కూడా దూరంగా లేను, నా ఒళ్లు మళ్లీ అక్కడికి పోలేకపోయినా మనసు రేయింబవళ్లు అక్కడే ఉందన్నాడు. నాకు ఈ కథలో నచ్చేది పింగియుడు తిరిగి రావడం. చెవులు సరిగా వినపడని ముసలాయన తనకు దొరికిన శాంతిని మోసుకుని అంత దూరం నడిచి, పాత ఆశ్రమంలో, పాత పనుల మధ్య కూర్చున్నాడు. మన ధూళికట్ట స్తూపం దగ్గర నిలబడినప్పుడల్లా ఆ బౌద్ధం ఇక్కడికి రాజాజ్ఞల కంటే ముందు ఇలాంటి కాలినడకలతోనే వచ్చి ఉంటుందని నేను ఊహించుకుంటాను. ఊహే, శాసనం లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగువాళ్లు మౌనం కోసం వెతుక్కుంటూ ఎక్కువగా వెళ్లింది అరుణాచలానికి. 1907లో కావ్యకంఠ గణపతి ముని రమణ మహర్షిని ఆశ్రయించాడు. 1940ల్లో సూరి నాగమ్మ అక్కడి సంగతులు తెలుగులో లేఖలుగా రాసింది. ఆ లేఖలు చదివితే రమణుల హాలు నిశ్శబ్దంగా ఉండేదన్న భ్రమ తొలగిపోతుంది. కోతులు, ఉడుతలు, నెమళ్లు, లక్ష్మి అనే ఆవు, పేచీ పెట్టే భక్తులు, ఉత్తరాలు, పత్రికలు. ఆ రొద మధ్యే ఒక మనిషి స్థిమితంగా కూర్చున్నాడు, ఎవరినీ బయటికి పొమ్మనలేదు. అది అందరికీ అబ్బే స్థితి కాదు. అబ్బని వాళ్లకు విపశ్యన లాంటి శిబిరాలున్నాయి. హైదరాబాదు శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీది ధమ్మఖేత్త 1976 నుంచీ నడుస్తోంది. పది రోజుల శిబిరంలో ఆర్యమౌనం పాటించాలి. పదో రోజున మాత్రం మళ్లీ మాట్లాడనిస్తారు. మౌనం నుంచి తిన్నగా బస్టాండులోకి వదిలితే మనిషి తట్టుకోలేడని నిర్వాహకులకు తెలుసు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. అయితే పది రోజుల తర్వాత అతను తిరిగొచ్చేది మన వీధికే. ఆ వీధి సంగతి ఏ శిబిరమూ చూడదు.

అందుకని ఒక పని మీ ముందు పెడతాను. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో మంథని ఘాట్లలో జనం ఎట్లా పోటెత్తారో చూశారు. ఈ పన్నెండేళ్లలో నది కూడా మారింది. 2019లో ఎగువన సుందిళ్ల, దిగువన అన్నారం బ్యారేజీలు వచ్చాక నీళ్లు నిలిచి నది చప్పుడే పోయిందని రేవులో వాళ్లు అనేవారు. 2022 జూలైలో బొక్కలవాగు ఎగదన్ని ఊళ్లోకే వచ్చింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక గేట్లెత్తి నీళ్లు వదిలేశారు, మళ్లీ ఇసుక తేలింది. నది ఎట్లా ఉంటుందో మన చేతుల్లో లేదు. ఘాటు మీద మైకు ఎట్లా ఉంటుందో మన చేతుల్లో ఉంది.

తప్పిపోయిన పిల్లల పేర్లు పిలవడానికి మైకు కావాలి. నీళ్లు లోతున్న చోట హెచ్చరించడానికి కావాలి. వృద్ధులకు ఎటు దిగాలో చెప్పడానికి కావాలి. పన్నెండు రోజులూ తెల్లవారుజామున నాలుగింటి నుంచి అవే పాటలు, దాతల పేర్లు, నాయకుల స్వాగతాలు మోగడానికి అక్కర లేదు. పిండప్రదానం చేసేవాడు తన తండ్రి పేరు, గోత్రం చెప్పుకునేటప్పుడు పురోహితుడి గొంతు అతనికి వినపడాలి. 2015లో చాలా చోట్ల వినపడక, చేతి సైగలతో తర్పణాలు విడిచారు. పుష్కర పనులకు రోడ్లు, మరుగుదొడ్లు, దీపాల అంచనాలు వేసేటప్పుడు మైకుల అంచనా కూడా వేయండి. ఎన్ని, ఏ వైపు మొహం పెట్టి, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా. ఊళ్లో ఏయే వాడల్లో రాత్రి షిఫ్టు వాళ్లు పగలు పడుకుంటారో ఆ జాబితా ముందు రాసుకుంటే, స్తంభాలు ఎక్కడ పాతాలో ఆ తర్వాత తేలికగానే తేలుతుంది.